బంతి ఆడిన డాక్టరు



ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ కాలేజీ పిల్లవాడు ఫుట్‌బాల్ టీములో చేరతానంటే ఇంట్లో గొడవే. "బంతి కావాలా, చదువు కావాలా?" అని నిలదీస్తాం. అందుకే నేడు డాక్టర్ టాలిమెరెన్ ఆవో గారి సంగతి చెప్పదలచాము.

1918లో నాగా కొండల్లోని చాంగ్‌కీ గ్రామంలో పుట్టారు. తండ్రి పాస్టరు, 1935లో టైఫాయిడ్‌తో పోయారు. కొడుకు డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. 1942లో కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో చేరారు. ఒకవైపు వైద్యం చదువు, మరోవైపు మోహన్ బగాన్ జట్టు! 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ కెప్టెన్ ఆయనే, కవాతులో జెండా పట్టిందీ ఆయనే. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడాం. రెండు పెనాల్టీలు పోయాయి, అవి పడి ఉంటేనా!

అంత పేరొచ్చాక పుస్తకం ఎవరికి గుర్తుంటుంది? ఆయనకు గుర్తుంది. 1950లో ఎం.బి.బి.ఎస్. ముగించారు. డిబ్రూగఢ్‌లో చెవి, ముక్కు, గొంతు విభాగంలో పనిచేశారు. కలకత్తాలో ఉండిపోతానంటే వద్దనేవారెవరు? 1953లో కోహిమా ఆసుపత్రికి అసిస్టెంట్ సివిల్ సర్జనుగా వెళ్లారు. తర్వాత నాగాలాండ్ ఆరోగ్యశాఖ డైరెక్టరై, 1978లో రిటైరయ్యేదాకా ఆ కొండల జనానికే పనిచేశారు.