యంత్రం కొనవచ్చు, పనితనం నేర్పించాలి

(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మీ సంఘాలు చేస్తున్న తీర్మానాలు చదువుతుంటే సంతోషంగా ఉంటున్నది. ఒక సంఘం బల్క్ కూలర్ కావాలంటుంది. మరొకటి దాణా మిల్లు పెడతామంటుంది. ఆశలు పెద్దవిగానే ఉండాలి. అయితే ప్రతి తీర్మానం చివర నాకొక ప్రశ్న మిగిలిపోతుంది. దీనిని నడిపేది ఎవరు?

1955వ సంవత్సరం సంగతి చెబుతాను. ఆ ఏడు అక్టోబరు 31న ఆనంద్‌లో ఖేడా జిల్లా పాల యూనియన్ కర్మాగారాన్ని నెహ్రూగారు ప్రారంభించారు. డిసెంబరు 10న మన నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసినదీ ఆయనే. ఆనంద్‌లో త్రిభువన్‌దాస్ పటేల్ గారి వెనుక రైతులున్నారు, పాలున్నాయి. కాని గేదె పాలను పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు చెప్పారు. కుదురుతుందని చేసి చూపినది హెచ్.ఎం. దలాయా గారి పనితనం. సాగర్‌లో వేలాది మంది రాతి పనివారు రాయి మీద రాయి పేర్చబట్టే 1967లో కాలువలకు నీరు వదలగలిగారు. డబ్బు, ప్లాను రెండు చోట్లా ఉన్నాయి. పని తెలిసిన చేతులు లేకపోతే అవి కాగితాల మీదే ఉండేవి.

ఇక మన ఊరి సంగతి. మీరు రోజుకు పది లీటర్ల పాలు పోస్తున్నారనుకోండి. టెస్టరు పొరపాటున వెన్న శాతం ఏడుకు బదులు ఆరున్నర రాస్తే, రోజుకు సుమారు 50 గ్రాములు, నెలకు ఒకటిన్నర కిలోల వెన్న మీ లెక్కలో తగ్గుతుంది. దాని ధర ఎంతో మీ పాస్‌బుక్కు చూసి మీరే లెక్క వేసుకోండి. ఎలక్ట్రానిక్ మిషను వచ్చినా అంతే. దానిని రోజూ కడిగి, అప్పుడప్పుడు సరిచూసేవారు లేకపోతే అదీ తప్పే చెబుతుంది. గేదె ఎదను గుర్తించడం ఆలస్యమైనా, సూది సరిగా పడకపోయినా మళ్ళీ 21 రోజులు ఆగవలసిందే. ఆ 21 రోజుల మేత, దాణా ఖర్చు రైతుదే.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక సంఘాన్ని తనిఖీ చేసి, 'కూలరు, జనరేటరు బాగున్నవి' అని రిపోర్టు రాశాను. నడిపే మనిషి గురించి నేను అడగలేదు. ఆ వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. జనరేటరు ఉంది, డీజిలు ఉంది. దానిని వేయడం తెలిసిన ఒకే ఒక కుర్రవాడు పెళ్ళికి వెళ్ళాడు. నాలుగు డిగ్రీల్లో ఉండవలసిన పాలు తెల్లవారేసరికి విరిగిపోయాయి. ఆ ఏడు సభ్యుల బోనసు తగ్గింది. అప్పటినుంచి నేను యంత్రం కంటే ముందు మనిషిని చూస్తున్నాను.

కనుక నా మనవి ఇది. యంత్రానికి తీర్మానం రాసే రోజునే, దాని పని నేర్చుకోబోయే ఇద్దరి పేర్లు కూడా రాయండి. ఒకరు ఊళ్ళో లేకపోతే రెండవవారు ఉంటారు. సెక్రటరీగారి బావమరిది అని కాకుండా, శ్రద్ధ ఉన్నవారిని ఎంచండి. అందులో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది. పాలు పితికేదీ, పశువు తీరు ముందుగా కనిపెట్టేదీ చాలా ఇళ్ళలో వారే కదా.

'నేర్పిస్తే వెళ్ళిపోతాడండీ' అని కొందరు ప్రెసిడెంట్లు నాతో అంటారు. నిజమే, కొందరు వెళతారు. తగిన జీతం ఇవ్వకపోతే ఇంకా త్వరగా వెళతారు. నేర్పించకుండా ఉంచుకుంటే, చేసే పొరపాటు ప్రతి పూటా మీ కేనులోనే పడుతుంది. నికర లాభం పంచేటప్పుడు శిక్షణకు కొంత తీసి ఉంచండి. అది ఖర్చు కాదు, వచ్చే ఏటి బోనసుకు విత్తనం.

రేపు మీ సర్వసభ్య సమావేశంలో ఆ రెండు పేర్లు చదవండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నేను మొదట అడిగేది వారినే.

సెలవు.