నూలులో నిలుచు సంప్రదాయము



జపాను యంత్రములకు నిలయమైనను, అచ్చటివారు నేటికిని గడపకడనే పాదరక్షలు విడుతురు. పండుగలకు కిమోనో ధరింతురు. కసురి వస్త్రము నేయువారు ముందుగా నూలును ముడులుగట్టి, నీలిరంగులో ముంచి, పిమ్మట మగ్గమున కెక్కింతురు.

చీరాల సీమలో పుట్టిన తేలియా రుమాలు పద్ధతియు నిట్టిదే. నూలును ఆముదమును, ఆముదపు కాయల బూడిదయు కలిపిన నీట నానబెట్టి, ముడులుగట్టి, ఎఱుపు నలుపు రంగు లెక్కించుచుండిరి.

జపాను 1950లో శాసనము చేసి, చేతిపనితనమును సైతము జాతిసంపదగా కాపాడుచున్నది. ఇచ్చట ఆ నేత మరుగుపడగా, 2020లో తేలియాకు వచ్చిన భౌగోళిక గుర్తింపు పుట్టపాకకు దక్కెను. ఆ యూరు విద్యను నిలుపుకొన్నది, అందు తప్పులేదు.

కట్టువారు లేని బట్టను శాసనమొక్కటే బ్రతికింపజాలదు. ఇంటికొక్క రుమాలైనను నిత్యము వాడుకలో నున్ననాడే పేరాల మగ్గము మరల పలుకును.