మద్యపానాభియోగమునకు ఉత్తరము



వ్యవహారమునకు నాలుగు పాదములని ధర్మశాస్త్రకారులు చెప్పిరి. వాది చేయు ఫిర్యాదు భాషాపాదము. ప్రతివాది చెప్పు సమాధానము ఉత్తరపాదము. సాక్ష్యము క్రియాపాదము. తీర్పు సాధ్యసిద్ధి. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యయందు ఈ విషయము విపులముగా నున్నది. దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమిచ్చిన కేతన, 13వ శతాబ్దముననే దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగుపద్యములలోనికి తెచ్చెను. ఉత్తరము మరల నాలుగు విధములు: చేయలేదనుట మిథ్య, చేసితిననుట సంప్రతిపత్తి, చేసినమాట నిజమేకాని కారణము కలదనుట ప్రత్యవస్కందనము, ఇదివరకే తీర్పు జరిగినదనుట ప్రాఙ్న్యాయము. నేడు త్రాగి బండి తోలినాడని పట్టువడినవాడు చెప్పగల మాట ఏదియు ఈ నాలుగింటిని దాటిపోదు.

జనగామమీదుగా హైదరాబాదు–వరంగల్లు జాతీయ రహదారి రాత్రింబగళ్లు సాగుచునే యుండును. భూపాలపల్లి గనులనుండి బొగ్గు లారీలు బయలుదేరును. మహబూబాబాదు తండాలలో ఆటోయో, ట్రాక్టరో తోలి ఆలుబిడ్డలను పోషించుకొనువారు ఎందరో యున్నారు. రైతునకు అరక యెట్టిదో డ్రైవరునకు లైసెన్సు అట్టిది. అది పోయినచో ఇంటిల్లిపాది కూడు పోవును. త్రాగి బండి తోలుటను సమర్థించుట వేరు, నేరము మోపబడినవానికి న్యాయము కోరు హక్కు కలదనుట వేరు. మొదటిదానికి ఈ ప్రసంగమున చోటు లేదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టము, 185వ సెక్షను ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలున్నట్లు పరీక్షలో తేలినవాడు బండి నడిపినను, నడుప యత్నించినను నేరమే. 2019 సవరణ తరువాత మొదటి తప్పునకు ఆరు నెలలవరకు ఖైదు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండును. మరల పట్టువడినచో రెండేండ్లవరకు ఖైదు, లేదా 15,000 రూపాయలు, లేదా రెండును. ఇందు బ్రాందీ, సారా, కల్లు అను భేదము లేదు. "సారా ముట్టలేదు, తాటికల్లు రెండు ముంతలే పుచ్చుకొంటిని" అనుట పల్లెలలో తరచు వినవచ్చు సమాధానము. అది ఉత్తరము కాదు, నేరమును నోటితో ఒప్పుకొనుటయే. చెట్టు దిగినదైనను, సీసాలోనిదైనను రక్తములో చేరినపిదప ఆల్కహాలొక్కటియే. కచుని బూడిద కలిసిన సురను శుక్రాచార్యులవారు తెలియక త్రాగిరి. తెలియదన్నంతమాత్రమున కచుడు కడుపులోనుండి మాయమాయెనా? దేహము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పుననే ఆ పాలును తగ్గించుకొనును. అర్ధరాత్రివరకు పెండ్లివిందులో కూర్చున్నవాడు తెల్లవారుజామున స్నానముచేసి, మజ్జిగ త్రాగి బయలుదేరినను యంత్రము పట్టుకొనవచ్చును.

ఇక మిథ్యోత్తరము. దీనికి బొంకుట అని అర్థము చెప్పుకొనరాదు. అభియోగము చట్టము కోరిన రీతిని ఋజువు కాలేదని చూపుట యిందలి సారము. ఋజువు చేయు భారము ప్రభుత్వముది. యంత్రము ఊపిరిలోని ఆల్కహాలును కొలిచి, దానినుండి రక్తములోని పాలును లెక్కకట్టును. అందులకు సాధారణముగా వాడు నిష్పత్తి 2100కు 1. అది అందరి శరీరములలోను ఒక్కతీరుగా నుండదు. కొన్ని దగ్గుమందులలోను, నోరు పుక్కిలించు మందులలోను ఆల్కహాలుండును. అది నోట నిలిచియుండగా ఊదినచో అంకె పెరుగును. సుమారు 15 నిమిషములలో ఆ ప్రభావము తొలగును. కావున అట్టివాడు అక్కడనే, అప్పుడే ఆ సంగతి చెప్పి, కొంతసేపైన తరువాత మరల పరీక్షింపుడని అడుగవలెను. నెల గడచినపిదప కోర్టులో పుట్టిన దగ్గును ఎవరు నమ్ముదురు?

శ్వాసపరీక్ష కోరు పోలీసు అధికారి యూనిఫారములో నుండవలెనని 203వ సెక్షను. ఆ సెక్షను క్రింద అరెస్టయినవానికి ఠాణాలో మరల ఊదుటకు అవకాశమీయవలెనని కూడ అందే యున్నది. 202వ సెక్షను ప్రకారము అరెస్టు జరిగిన రెండు గంటలలో వైద్యపరీక్ష జరుగవలెను, జరుగనిచో విడువవలెను. దీనినిబట్టి కేసే పోవునని కొందరు సంబరపడుదురు. చట్టము చెప్పినది కస్టడీనుండి విడుదల మాత్రమే. కేసు కేసుగానే యుండును.

1971లో బచ్చూభాయి హసనల్లీ కర్యానీ వ్యవహారమున సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పినది. నోట వాసన, తడబడు నడక, తొట్రుపడు మాట, విప్పారిన కనుపాపలు, ఇవి మాత్రమే చూచి, రక్తమూత్ర పరీక్షలు లేకుండ, త్రాగియున్నాడని నిశ్చయింపరాదని దాని సారాంశము. 2025లో తెలంగాణ హైకోర్టు ఒక ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగపు వ్యవహారమున, శ్వాసయంత్రపు అంకె నొక్కదానినే ఆధారముగా గొని తొలగించుట తగదనెను. ఈ తీర్పులను చూచి యంత్రమునకు విలువయే లేదనుకొనుట పొరపాటు. మొదటిది వైద్యుని కంటిచూపును గూర్చినది, రెండవది ఉద్యోగమును గూర్చినది. 185వ సెక్షనులోనో శ్వాసపరీక్ష స్పష్టముగా పేర్కొనబడియున్నది. కనుక వకీలు అడుగవలసినవి వేరు: యంత్రము సరిచూచిన పత్రము, ముద్రితమైన రశీదు, దానిపై నున్న వేళ, అరెస్టు వేళ. లెక్కలు వ్రాయువారికి తెలిసినదే, తేదీయు వేళయు కలియని కాగితము బలహీనమైన కాగితము.

ఊదను పొమ్మని భీష్మించుట తెలివి కాదు. తగిన కారణము చూపక నిరాకరించినచో, ఆ నిరాకరణమే ప్రభుత్వ సాక్ష్యమునకు బలమని 205వ సెక్షను క్రింద భావింపవచ్చును.

ప్రత్యవస్కందనము ఇచ్చట అంతగా అక్కరకు రాదు. రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవుచుంటిననుట శిక్ష తగ్గించుటకు తోడ్పడిన తోడ్పడవచ్చును గాని, నేరమును తుడిచివేయదు. ప్రాఙ్న్యాయము ఏనాడో గాని తటస్థింపదు. ఒకే నేరమునకు రెండుమార్లు శిక్షింపరాదని రాజ్యాంగము 20వ అధికరణము.

సంప్రతిపత్తియే ఎక్కువమంది త్రోవ. నిజముగా త్రాగినవానికి అదియే మర్యాద. అయినను జరిమానా కట్టి త్వరగా ఇల్లు చేరవలెనను తొందరలో ఒప్పుకొనువాడు, ఆ ఒప్పుకోలు రెండవమారు పెద్దశిక్షకు పునాది యగునని ఎరుగడు. కోర్టు లైసెన్సుకు అనర్హుని చేయవచ్చును కూడ. ఇది రోడ్డుమీద చలానాతో తీరు తప్పు కాదు, మేజిస్ట్రేటు ఎదుట తేలవలసినది. త్రోవలో ఎవరి చేతికో ఇచ్చిన సొమ్ము జరిమానా కాదు.

బండి సంగతి. 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, డ్రైవరు త్రాగియున్నాడను నెపమున పోలీసులు వాహనమును నిర్బంధించి యుంచుకొనరాదని తీర్పు చెప్పినది. లైసెన్సు గల, త్రాగని తోడివాడున్నచో అతనికి అప్పగింపవలెను. లేనిచో బంధువునో, స్నేహితునో పిలిపింపవలెను. ఎవరును రానిచో తాత్కాలికముగా ఠాణాకు తరలించి, తరువాత పత్రములు చూచి విడువవలెను.

ప్రాణము పోయినచో ఈ లెక్కలన్నియు తారుమారగును. ముంబాయిలో 2006 నవంబరున పేవుమెంటుపై నిద్రించుచున్న కూలీలపై కారు నడిపి ఏడుగురి మృతికి కారకుడైన యువకునికి, హత్యగాని ప్రాణహరణ నేరము క్రింద విధించిన మూడేండ్ల ఖైదును 2012లో సుప్రీంకోర్టు ఖాయపరచెను.

వకీలును పెట్టుకొనలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. 1987 నాటి చట్టము క్రింద షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, స్త్రీలు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో నున్నవారు ఉచిత సహాయమునకు అర్హులు. సమనులో వ్రాసిన తేదీకి ముందే పోవుట మంచిది.