క్రైస్తవ జీవితములో దైవస్తుతి
(శతవార్షికోత్సవ కూడికలలో పలమనేరునందు చేసిన ప్రసంగ పాఠము)



"దైవస్తుతి" అను అంశమును గూర్చి మాటలాడుమని నిర్వాహకులు నన్ను కోరినప్పుడు, ఇది సులభమైన అంశమే గదా అని వెంటనే ఒప్పుకొంటిని. ఇంటికి వెళ్లి కాగితము ముందు కూర్చున్న తరువాత గాని అందులోని కష్టము నాకు తెలియలేదు. స్తుతించుడని బల్లగుద్ది చెప్పుట ఎవరికైనను సాధ్యమే. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పము సంఘములలో ఏ యింట ఏ కన్నీరు ఉన్నదో ఎరిగిన కాపరి ఆ మాట చెప్పవలెనన్నచో నాలుక తడబడును. కనుక నేను నేర్చుకొన్నది కొంత, తప్పు చేసి తెలిసికొన్నది కొంత మీ ముందుంచెదను.

మొదట ఒక మాట. శతవార్షికోత్సవము జరుపుకొనుచున్నాము. సంచికలు అచ్చగును, ఫొటోలు తీయుదురు, కట్టిన గుళ్లకు, బడులకు లెక్కలు చెప్పుదురు. అది తగినదే. అయితే నూరేండ్ల చరిత్ర వ్రాయుటలో ఒక అపాయమున్నది. "ప్రభువు చేసెను" అని మొదలుపెట్టి, రెండవ పేజీకే "మనము చేసితిమి" అనుదుము. మూడవ పేజీలో మన ఫొటో కనబడును. నా ఫొటో కూడ ఇచ్చియున్నాను గనుక ఎవరినీ నిందించుటకు నాకు హక్కు లేదు.

స్తుతి అనగా ఏమి? కీర్తనల గ్రంథమునకు హెబ్రీ భాషలో పేరు తెహిల్లీమ్, అనగా స్తుతులు. హల్లెలూయా అను మాటయు ఆ ధాతువునుండి వచ్చినదే. "యా" అని చివరనున్నది ప్రభువు నామమునకు పొట్టి రూపము. ఇంతవరకు మనలో చాలమంది ఎరుగుదురు. అయితే వేదాంత కళాశాలలో చదువు నాళ్లలో నన్ను ఆశ్చర్యపరచినది మరియొకటి. "స్తుతులు" అని పేరు పెట్టిన ఆ గ్రంథములో విలాప కీర్తనలెన్నో ఉన్నవి. ఎనుబది ఎనిమిదవ కీర్తన చూడుడి. చీకటిలో మొదలై చీకటిలోనే ముగియును. వెలుగు మాట చివర కూడ రాదు. దానిని ఎవరును గ్రంథములోనుండి తీసివేయలేదు. ఆ ఏడుపును కూడ స్తుతులలోనే చేర్చి కట్టిరి.

ఇది ఎట్లు కుదురును? దీనికి మరియొక హెబ్రీ మాట సహాయపడును. తోదా అను మాటకు స్తుతి అనియు, కృతజ్ఞతార్పణ అనియు అర్థము. ఒప్పుకోలు అనియు అర్థము. యెహోషువ గ్రంథము ఏడవ అధ్యాయములో ఆకాను దొంగిలించిన సొమ్ము డేరాలో పాతిపెట్టెను. యెహోషువ అతనిని పిలిచి దేవునికి మహిమ చెల్లించుమనియు, చేసిన పని దాచక చెప్పుమనియు అడిగెను. అక్కడ ఈ మాటయే కలదు. దొంగను పట్టుకొని స్తుతి చెల్లించుమనుట వినుటకు వింతగా నుండును. అయితే దాని భావమిది: దేవుని యెదుట నిజము చెప్పుటయే ఆయనను ఘనపరచుట. ఆయన ఎవరో నిజముగా ఒప్పుకొనుట, నేను ఎవరో నిజముగా ఒప్పుకొనుట. కనుక అబద్ధము కలిసిన పాట ఎంత శ్రావ్యముగా నున్నను స్తుతి కాదు. నిజము పలికిన ఏడుపు స్తుతికి దూరము కాదు.

కృతజ్ఞతకును స్తుతికిని ఒక చిన్న భేదము చూపుదురు. ఆయన చేసిన మేలుకు కృతజ్ఞత; ఆయన ఆయనే గనుక స్తుతి. మదనపల్లెలో దీర్ఘకాలము సేవచేసి 1908లో కన్నుమూసిన డాక్టరు జేకబ్ చాంబర్లేన్ దొరగారి పేరు మీరు వినియుందురు. 1863లో ఆయన గుఱ్ఱముపై ఉత్తరదిశగా గోదావరి ప్రాంతమునకు వెళ్లినప్పుడు, వరదలో, పులులు తిరుగు అడవిలో చిక్కుకొని ప్రార్థింపగా, నదియొద్ద ఒక పడవ దొరికినదని ఆయనే వ్రాసెను. అట్టి రాత్రి తరువాత కృతజ్ఞత చెల్లించుట ఎవరికిని నేర్పనక్కరలేదు. పడవ దొరకని రాత్రి మాట ఏమి? మనలో చాలమంది ప్రశ్న అదియే.

నేను వేదాంత కళాశాల విడిచి సంఘసేవకు వచ్చిన రెండవ ఏట జరిగినది చెప్పెదను. మా సంఘములోని ఒక పెద్దామె కుమారుడు ఆగస్టు నెలలో రోడ్డు ప్రమాదములో మరణించెను. ఒక్కడే కుమారుడు. మూడవనాడు ఆదరణ కూడికకు వెళ్లితిని. అన్నిటియందును కృతజ్ఞత చెల్లించవలెనని పౌలు థెస్సలొనీకయ సంఘమునకు వ్రాసిన మాట తీసికొని బోధించితిని. అన్నిటి "యందును" అని వ్రాసెను గాని, అన్నిటి "కొరకును" అని కాదు. ఆ భేదము కూడ నాకు ఆనాడు తోచలేదు. తరువాత వచ్చిన యువకులకు సైగచేసి, తబలాతో వేగముగా పాడు ఒక స్తుతిపాట ఎత్తించితిని. రెండు చరణములు కాకమునుపే ఆమె చేయి ఎత్తెను.

"ఆ పాట ఒద్దు నాయనా. నాకు నోరు రాదు. ఏడ్చే కీర్తన ఏదన్నా ఉంటే చదువు."

అందరును నా వైపు చూచిరి. నేను తడబడుచు పుటలు త్రిప్పి పదుమూడవ కీర్తన చదివితిని. ఆరు వచనములే. ఎంతకాలము, ఎంతకాలము అని నాలుగుసార్లు దేవుని అడుగును. ముగించగానే "ఇంకోసారి చదువు నాయనా" అనెను. మరల చదివితిని. ఆ యింట ఆనాడు జరిగిన ఆరాధన అంతయు అదియే. మిగిలినది నా గొంతు చప్పుడు.

ఆమె తరువాత ప్రతి ఆదివారమును వచ్చి వెనుక స్తంభము ప్రక్కను కూర్చుండెడిది. పాడెడిది కాదు. పుస్తకము కూడ తెరచెడిది కాదు. ఒకరిద్దరు "ఆమె విశ్వాసము తగ్గినది" అని నాతో అనిరి. నేనును అట్లే అనుకొంటినేమో, జవాబు చెప్పలేదు. నాలుగు నెలలకు కోతకాలపు పండుగ వచ్చినది. అందరివలె ఆమెయు ఒక చిన్న సంచి తెచ్చెను. బల్లమీద పెట్టి ఇట్లనెను: "ఇవి రాగులు. నా కొడుకు విత్తినాడు. నేను కోసినాను. దేవుడు ఇచ్చినాడు." అంతే చెప్పి వెళ్లి కూర్చుండెను. ఆ రాగులు వేలములో ఎంతకు పోయినవో నాకు జ్ఞాపకము లేదు. ఆ మూడు మాటలలో ఒక్క అబద్ధము లేదని మాత్రము తెలియును. కొడుకును దాచలేదు, తన కష్టమును దాచలేదు, దేవునిని దాచలేదు. స్తుతి యాగమని హెబ్రీ పత్రిక పదుమూడవ అధ్యాయములో ఉన్న మాటకు నేను ఏ గురువు నోటను అంత స్పష్టమైన వ్యాఖ్యానము వినలేదు. యాగమనగా ఇచ్చువానికి ఏదో ఒకటి తెగవలెను గదా.

హబక్కూకు ప్రవక్త కూడ అదే చేసెను. తన గ్రంథపు చివరి అధ్యాయములో ప్రభువునందు ఆనందించెదనని చెప్పుటకు ముందు, ఏమేమి పోయినవో ఒక్కొక్కటి లెక్కపెట్టెను: అంజూరము, ద్రాక్ష, ఒలీవ, పొలము పంట, గొఱ్ఱెలు, చివరకు సాలలోని పశువులు. ఆయన మన ప్రాంతమున పుట్టియుండినచో ఆ జాబితా వేరుగా నుండెడిది. టమోటా, వేరుసెనగ, మల్బరీ తోట, పట్టుపురుగులు, పాడిఆవు, నీరు పడని బోరు అని వ్రాసియుండును. కౌండిన్య అడవి అంచున నున్నవారు ఏనుగులు త్రొక్కిన పైరును కూడ చేర్చుమందురు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమోటా నూరు రూపాయలు దాటి పలికినది. కోతకూలి కూడ రాదని కాయలను రోడ్డు ప్రక్కను పారబోసిన సంవత్సరములను కూడ చూచితిమి. ధర వచ్చిన ఏట గుడిలో సాక్ష్యము చెప్పువారు ఎక్కువ. అది మంచిదే, చెప్పవలెను. అయితే ధర రాని ఏట సాక్ష్యమునకు ఎవరును లేవరు. అప్పుచేసి పారబోసిన రైతు లేచి, "అయ్యా, నష్టపోతిని, నాకు ఏమియు అర్థము కాలేదు, అయినను ఆయనను విడువలేదు" అని చెప్పుటకు మన ఆరాధనలో చోటున్నదా? హబక్కూకునకు చోటున్నది.

దేవునికి మన పొగడ్తతో పనియేమి అని కళాశాల చదువు చదువు పిల్లలు అడుగుచుందురు. మంచి ప్రశ్న. ఆయనకు కొరత లేదు. మనకే ఉన్నది. మనిషి దేనినో ఒకదానిని పొగడక ఉండలేడు. సినిమా హీరోనో, నాయకునో, డబ్బునో, తన కులమునో, కొడుకు ఉద్యోగమునో పొగడుచునే యుండును. దేనిని పొగడునో దానికి లొంగును. దేవుని స్తుతించువాడు మరి ఎవరికిని అంతగా లొంగనక్కరలేదు. ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి పౌలు సీలలు పాడినప్పుడు తలుపులు ఇంకను తెరచుకొనలేదు, కాళ్లు బొండలోనే ఉన్నవి. భూకంపము పాట తరువాత వచ్చెను. తక్కిన ఖైదీలు వినుచుండిరని లూకా వ్రాసినది నాకు మిక్కిలి ప్రీతి.

మన తాతముత్తాతలకు ఈ సంగతి పుస్తకములు లేకయే తెలిసినది. ఊరి బావి నీరు ముట్టరాదన్న కాలమున, బడి గడప ఎక్కరాదన్న కాలమున, అక్షరము రాని మన అవ్వలు కీర్తనలను నోటికి నేర్చిరి. సృష్టికర్తను నేరుగా పేరుపెట్టి పిలుచు హక్కు తమకున్నదని ఆ పాటలోనే మొదట తెలిసికొనిరి. ఇది చిన్న సంగతి కాదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన భక్తులు పల్లవి, అనుపల్లవి, చరణములతో మన రాగములలో వ్రాసి యిచ్చినందున ఆ పాటలు మన నోట నిలిచినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరువుడి. అనేక కీర్తనల పైన రాగము, తాళము అచ్చువేసియుండును. ఇప్పుడు ఆ పంక్తిని చూచువారు ఎందరు? 1888లో ఆర్కాటు మిషను వారి వేదాంత పాఠశాల ఆరంభమైనది ఈ పలమనేరులోనే. మన జాతీయ గీతపు బాణీని 1919లో స్వరములుగా వ్రాసిపెట్టినది మదనపల్లెలోనే. పాటకు మన సీమ పరాయిది కాదని చెప్పుటకే ఈ మాట.

అయితే పాట మాత్రమే స్తుతి అనుకొనరాదు. మదనపల్లె ప్రక్కన ఆరోగ్యవరము ఉన్నది గదా. అనేక మిషనులు కలిసి స్థాపించిన ఆ క్షయరోగ ఆసుపత్రి 1915లో తెరచిరి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ గారు దాని మొదటి అధిపతి. ఆ దినములలో క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి ఆహారము, నెలల తరబడి విశ్రాంతి, ఇవే వైద్యము. ఊపిరి గలవన్నియు ప్రభువును స్తుతించవలెనని కీర్తనల గ్రంథము ముగియుచున్నది. ఊపిరితిత్తులే చెడినవారు ఆ కీర్తనను ఎట్లు చదివిరో అని నేను ఆ త్రోవన వెళ్లునప్పుడెల్ల తలంతును. వారు గొంతెత్తి పాడజాలరు. వారి ప్రక్కను దుప్పటి మార్చిన నర్సు, గంజి అందించిన మనిషి ఉండిరి. హెబ్రీ పత్రిక స్తుతియాగము మాట చెప్పిన వెంటనే, తరువాతి వచనములోనే, ఉపకారము చేయుటను, ఉన్నది పంచుకొనుటను మరువవద్దనును; అట్టివి కూడ యాగములే అనును. మనము మొదటి వచనమును గోడమీద వ్రాయించి రెండవదానిని పుస్తకములో వదలితిమి.

ఆమోసు ప్రవక్త నోట ప్రభువు ఇంకను కఠినముగా పలికెను. న్యాయము లేనిచోట మీ పాటల ధ్వని నాకు వద్దనెను. గుడిలో స్తుతిగీతములు నడిపించి, బయట కూలివానికి కూలి ఎగవేయువాడు ఆ అధ్యాయము చదువుకొనవలెను. అలాగే మైకులను గూర్చి ఒక మాట. కీబోర్డు, ప్యాడ్స్ వద్దనువాడను కాను. తంబురతోను తాళములతోను స్తుతించుమని లేఖనమే చెప్పుచున్నది. కాని పరీక్షలకు చదువుకొను ప్రక్కింటి పిల్లవాడు రాత్రి పదకొండు గంటలకు మన స్పీకరును శపించుచున్నచో, దేవుని నామము ఏ విధముగా ఘనపడుచున్నదో ఆలోచింపవలెను.

ఇక ముగించెదను. ఒక మనవి మాత్రము. మన సంఘములలో పుస్తకము చూడక పాత కీర్తనలను రాగముతో పాడగలవారు తగ్గిపోవుచున్నారు. మా సంఘములో నాకు తెలిసినవారు నలుగురు, అందరును ముదుసలులు. వచ్చే నెల మొదటి ఆదివారమునుండి ఆరాధన తరువాత ఒక గంట వారియొద్ద కూర్చుండి నేర్చుకొనుటకు ఏర్పాటు చేయుచున్నాము. యౌవనస్థులు ఫోనులలో రికార్డు చేసికొనవచ్చును. మొదట నేర్చుకొనునవి విలాప కీర్తనలు. వాటిని ఎన్నుకొన్నది నేను కాదు, వెనుక స్తంభము ప్రక్కను కూర్చుండు ఆ పెద్దామె. ఇప్పుడామె పాడుచున్నది. కంఠము వణుకును గనుక ముందు వరుసలో కూర్చుండి వినవలసియుండును.