కృష్ణా తీరపు కట్టడములు

భవానీపురములో మా యింటి నుండి నాలుగడుగులు వేసినచో పున్నమి ఘాటు వచ్చును. అచ్చట మెట్ల మీద నిలిచి చూచిన, ఎదుట భవానీ ద్వీపము, ఎడమ వైపున ఇంద్రకీలాద్రి, దాని ప్రక్కనే ప్రకాశం బ్యారేజి కనబడును. ఆవలి ఒడ్డున ఉండవల్లి కొండలున్నవి. ప్రతి దినము చూచు దృశ్యమే గనుక మేము దానిని గూర్చి ప్రత్యేకించి తలచిన వారము కాము. అట్లు తలచునట్లు చేసినవారు మా మేనమామగారు.

మొన్న చలికాలములో ఆయన అనంతపురము నుండి వచ్చిరి. చిరకాలము బడిపంతులుగా పనిచేసినవారు. “అమరావతి స్తూపాన్ని గురించి ఏండ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పాను గాని, కళ్లారా చూడలేదురా” అనిరి. మరునాడే బయలుదేరి బ్యారేజి దాటి, ఏటి గట్టు వెంట అమరావతికి పోతిమి. ఆవరణలో ప్రవేశించి, వలయాకారముగ నున్న తక్కువ ఎత్తు దిబ్బను, అక్కడక్కడ నిలిపిన రాతి పలకలను ఆయన కొంతసేపు చూచిరి. పిమ్మట మా వైపు తిరిగి, “స్తూపమేదిరా?” అని అడిగిరి. మేమా దిబ్బనే చూపితిమి. ఆయన మరి మాటాడలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే నేటి ఈ ప్రసంగము.

పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తమ రాజధానిని చింతపల్లి నుండి అమరావతికి మార్చిరి. క్రొత్త పట్టణమునకు ఇటుక, రాయి కావలసివచ్చెను. ఊరి ప్రక్కన దీపాలదిన్నె యను దిబ్బను త్రవ్వగా రెండును సమృద్ధిగా దొరికినవి. దాని కడుపులో నున్నది శాతవాహనుల నాటి మహాస్తూపమని త్రవ్విన వారికి తెలియదు. సర్వేయరు కాలిన్ మెకంజీ ఆ శిల్పములను చూచి ఆశ్చర్యపడి, 1816లో చిత్రకారులతో మరల వచ్చి బొమ్మలు వ్రాయించెను. నేడు కానరాని అనేక శిలల రూపము మనకు తెలియుచున్నదన్న, అది ఆ కాగితముల చలవయే. 1845లో వాల్టర్ ఎలియట్ మరికొంత త్రవ్వించి శిల్పములను మద్రాసుకు చేర్చెను. వానిలో పెక్కు 1859లో ఓడ నెక్కి లండను పోయినవి. కావున మా మామగారి స్తూపము కొంత చెన్నపట్టణపు మ్యూజియములో, కొంత బ్రిటిష్ మ్యూజియములో, కొంత స్థానిక మ్యూజియములో నున్నది. మిగిలినది ఏ గోడలో కలిసినదో, ఏ సున్నపు బట్టీలో కాలినదో!

ఈ దుర్గతి మన కృష్ణకే పట్టినదని అనుకొనరాదు. ఫ్రాన్సు దేశములో లువార్ అను మహానది కలదు. దాని లోయలో రాజులు, ప్రభువులు కట్టించిన సౌధములు జగత్ప్రసిద్ధములు. 1519లో ఒకటవ ఫ్రాన్సువా రాజు ఆరంభించిన షాంబోర్ సౌధములో, ఒకదానినొకటి చుట్టుకొని పోవు జంట మెట్లదారులున్నవి. ఒక దారిని ఎక్కువారు, వేరొక దారిని దిగువారికి ఎదురు పడరు. లువార్‌లో కలియు షేర్ అను ఉపనదిపై, వంతెన వలె నీటికడ్డముగ సాగిన షెనోన్సో సౌధము మరియొక వింత. ఆ ప్రాంతపు కట్టడములలో పెక్కింటికి వాడినది అచ్చటి గట్లలోనే దొరకు తెల్లని మెత్తని సున్నపురాయి. రాయి తీయగా ఏర్పడిన గుహలలో జనులు కాపురముండిరి, ద్రాక్షసారాయము నిలువ చేసిరి.

అట్టి దేశమున కూడ విప్లవానంతరము సౌధములను రాతి కొరకే కొని కూలద్రోసిన వ్యాపారులుండిరి. ఆంబ్వాజ్ పట్టణమునకు సమీపమున షాంతెలూ అను గొప్ప సౌధము 1823లో అట్లే నేలమట్టమైనది. దాని తోటలో కట్టిన ఏడంతస్తుల గోపురము మాత్రము నేటికి ఒంటిగా నిలిచియున్నది. అయితే ఫ్రెంచివారు త్వరలోనే మేల్కొనిరి. 1840లో రక్షింపదగిన చారిత్రక కట్టడముల పట్టికను ప్రభుత్వము ప్రకటించెను. సైనికుల బారకాసుగ మారి శిథిలమైన బ్లువా సౌధమును బాగు చేయించిరి. 2000 సంవత్సరములో యునెస్కో వారు సుమారు 280 కిలోమీటర్ల లువార్ లోయను, సౌధములు, ఊళ్లు, తోటలతో గూడ, ప్రపంచ వారసత్వముగ గుర్తించిరి. ఒక్కొక్క భవనమునకు గాక, లోయ యంతటికిని ఆ గౌరవము దక్కినది.

మరల మన యేటికి వత్తము. 1852-55 నడుమ బెజవాడ వద్ద ఆనకట్ట కట్టిరి. కాలువలు పారినవి, డెల్టా పచ్చబడినది. ఆ నీటి వలన మన తాతలు, తండ్రులు అన్నము తినిరి, మనమును తినుచున్నాము. అయితే ఆ కాలువల పనికి, రోడ్ల పనికి రాయి, ఇటుక కావలసినప్పుడు పనివారి దృష్టి ఊరి దిబ్బల మీదనే పడినది. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధములో భట్టిప్రోలు స్తూపపు చలువరాళ్లు కాలువ కట్టడములలో కలిసినవి. 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించునాటికి మిగిలిన దాని గర్భములో అక్షరములు చెక్కిన రాతి కరండములు దొరికినవి. తెలుగు లిపి చరిత్రలో ఆ అక్షరములకు గొప్ప స్థానము కలదు. ఆ పునాది కూడ కాలువకు పోయియుండినచో మన లిపి పుట్టుకను గూర్చి ఒక ముఖ్య సాక్ష్యము నశించియుండెడిది.

కాలువ త్రవ్విన వారిని నిందించుట మా అభిప్రాయము కాదు. వారు చేసినది లోకోపకారము. కాని ఒక విషయము మరువరాదు. మన మెతుకులో ఆ రాతి ఋణము కొంత కలదు.

ఇక, మన చుట్టుప్రక్కల చెక్కుచెదరక మిగిలిన వేమి? గుహలు! అమరావతి నుండి తిరుగు దారిలో మామగారిని ఉండవల్లికి తీసికొని పోతిమి. ఒకే కొండను నాలుగంతస్తులుగ తొలిచిన ఆ గుహాలయమును విష్ణుకుండినుల కాలపుదిగ చెప్పుదురు. అడుగు అంతస్తును, పై అంతస్తును పూర్తి కాలేదు. మూడవ అంతస్తులో కొండరాతిలోనే మలచిన అనంతశయన విష్ణుమూర్తి పవ్వళించియుండును. మామగారు ఆ విగ్రహమును తల నుండి పాదముల వరకు నడిచి చూచి, “దీన్ని ఎవరూ మోసుకుపోలేకపోయారన్న మాట” అనిరి. అదియే నిజము. కట్టిన దానిని విప్పి బండి కెత్తవచ్చును. తొలిచిన దానిని ఎత్తుటకు కొండనే ఎత్తవలెను.

అయినను గుహకు ఆపద లేదనరాదు. మొగల్రాజపురము గుహలు నేడు నగరమధ్యమున ఇండ్ల నడుమ చిక్కియున్నవి. శిల్పములు అరిగిపోయినవి. ఇంద్రకీలాద్రి పాదమున నున్న గుహలను అక్కన్న మాదన్నల పేరుతో పిలుచుదురు. ఆ సోదరులు పదునేడవ శతాబ్దిలో గోలకొండ తానీషా కొలువులోనివారు. గుహలు వారికంటె ఎన్నియో శతాబ్దములు ప్రాచీనమైనవి.

అభివృద్ధియు, ప్రాచీన సంపదయు ఒక ఒరలో ఇమడవా? ఇముడునని మన కృష్ణయే నిరూపించినది. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరుగునాటికి, ఇక్ష్వాకుల విజయపురి నెలకొనియున్న నాగార్జునకొండ లోయ నీట మునుగుట నిశ్చయమైనది. అందుచే పురావస్తుశాఖ వారు నీరు రాకముందే లోయను విస్తృతముగ త్రవ్వి చూచిరి. తొమ్మిది కట్టడములను విప్పి కొండపైకి చేర్చి మరల నిర్మించిరి. పదునాలుగింటికి పెద్ద నమూనాలు తూర్పు తీరమున అనుపు వద్ద కట్టిరి. ద్వీపముగ మారిన కొండపై మ్యూజియము 1966లో తెరచిరి. లోయ పోయినది, నిజమే. కాని కాలువకు రాయి పోవుటకును, రాయిని ముందు కాపాడి పిదప నీరు వదలుటకును గల భేదమును గమనింపుడు. నూరేండ్లలో మన బుద్ధి ఇంత ఎదిగినది.

ఆ బుద్ధి ఇప్పుడు మరల అవసరము. 2015లో శంకుస్థాపన జరిగిన నూతన రాజధానికి అమరావతి పేరే పెట్టిరి. తీరమంతట పునాదులు త్రవ్వుచున్నారు. 1958 నాటి చట్టమునకు 2010లో చేసిన సవరణ ప్రకారము, రక్షిత కట్టడమునకు నూరు మీటర్లలోపల క్రొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపైన రెండువందల మీటర్లలో అనుమతి కావలెను. నేలలో దొరకిన నిధిని గూర్చి కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పుచున్నది. కాని చట్టము ప్రతి పునాది గోతిలోనికి దిగి చూడలేదు. చూచునది గృహస్థు, మేస్త్రీ, పలుగు పట్టిన కూలివాడు. నేటి ఇటుకకు రెండింతల పొడవైన ఇటుక గాని, చెక్కడపు రాయి గాని కనబడినప్పుడు, పని ఒకపూట ఆపి గ్రామాధికారికి గాని, పురావస్తుశాఖ వారికి గాని కబురు చేయుట పెద్ద కష్టము కాదు. ఆ పూట చేసిన ఆలస్యము వేయేండ్ల చరిత్రను నిలుపవచ్చును.

మామగారు ఊరికి పోవునాడు మరల ఘాటు వద్దకు వచ్చిరి. “మా మనుమడిని వేసవి సెలవులకు పంపుతానురా, వాడికి కూడా అన్నీ చూపించు” అనిరి. చూపెదమని మాట యిచ్చితిమి. ఆ పిల్లవాడును “స్తూపమేది?” అని తప్పక అడుగును. ఆ దిబ్బ వద్దనే నిలిచి, ఈ కథయే చెప్పవలెను. కాని వాని బిడ్డలు వచ్చినప్పుడు, నేడు మన కాలములో మిగిలియున్నదానిని చూపి, “ఇదియేమైనది?” అని అడుగునట్టి స్థితి రాకుండుట మన చేతిలోనే యున్నది.