జీప్ లాగే మోటార్‌హోమ్ కొంటున్నారా? స్టిక్కర్ ఒకసారి చదవండి, లోన్ ఐదో ఏడు ఒకసారి చూడండి

పోయిన ఎపిసోడ్ లో మోయాబ్ ట్రైల్స్ గురించి మాట్లాడుకున్నాం కదా, దాని కింద డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి ఒక అన్న పెద్ద మెసేజ్ పెట్టారు. "తమ్ముడూ, నా దగ్గర ఫోర్ డోర్ రాంగ్లర్ ఉంది. ఇద్దరు పిల్లలు. సమ్మర్ లో అత్తయ్య, మావయ్య గుంటూరు నుంచి వస్తున్నారు. అందరం మోటార్‌హోమ్ లో, వెనక జీప్ తగిలించుకుని మోయాబ్ వెళ్దామని ప్లాన్. డీలర్ కొత్త క్లాస్ సి చూపించాడు, ఇరవై ఏళ్ళ లోన్, నెలకి 836 డాలర్లే అంటున్నాడు. హెచ్1బి మీద ఉన్నాను. తీసుకోవచ్చా?"

ఇలాంటి మెసేజ్ లు చాలా వస్తున్నాయి కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం దీని మీదే. ముందే చెప్తున్నా, నేను ఫైనాన్షియల్ అడ్వైజర్ ని కాదు, లాయర్ ని కాదు. బీటెక్ చేసి కోడ్ రాసుకున్నవాణ్ణి. లెక్క మాత్రం వేయగలను.

ముందు బరువు. మనవాళ్ళు మోటార్‌హోమ్ చూడ్డానికి వెళ్తే కిచెన్ చూస్తారు, బెడ్ చూస్తారు, టీవీ ఎంత పెద్దదో చూస్తారు. లాగడం కోసం కొంటున్నప్పుడు వెనక నుంచి మొదలుపెట్టాలి. జీప్ బరువెంత? ఫోర్ డోర్ రాంగ్లర్ షోరూం నుంచి వచ్చినప్పుడు ఇంచుమించు 4,500 పౌండ్లు అనుకోండి. దానికి స్టీల్ బంపర్, వించ్, 35 ఇంచుల టైర్లు, పైన రూఫ్ ర్యాక్ పెడతారు. ఐదు వేలు దాటడానికి ఎంతసేపు? అంచనాలు వద్దు. హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని ఉంటుంది, లారీలు తూచే కాటా. జీప్ దాని మీదకి ఎక్కించండి, స్లిప్ ఇస్తాడు. ఆ నంబర్ తో మిగతావన్నీ చూడాలి.

ఇప్పుడు మోటార్‌హోమ్ వైపు. చాలా క్లాస్ సి లు ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కడతారు. దాని జీవీడబ్ల్యూఆర్ 14,500 పౌండ్లు, అంటే మనుషులు, సామాను, నీళ్ళు అన్నీ కలిపి బండి ఒక్కటే అంతకు మించి తూగకూడదు. జీసీడబ్ల్యూఆర్ 22,000, అంటే వెనక లాగేదాంతో కలిపి మొత్తం. తీసేస్తే 7,500 వస్తుంది. "అయితే నా జీప్ ఓకే" అనుకుంటారు. ఆగండి. వెనక హిచ్ మీద ఇంకో స్టిక్కర్ ఉంటుంది. కొన్నిటి మీద 7,500 ఉంటుంది, కొన్నిటి మీద 5,000 మాత్రమే. టో బార్ కి విడిగా ఇంకో రేటింగ్. వీటన్నిట్లో ఏది తక్కువైతే అదే మన లిమిట్. బ్రోషర్ లో పెద్ద అక్షరాలతో వేసింది కాదు.

నాకు అసలు భయం వేసేది హిచ్ దగ్గర కాదండి, డోర్ దగ్గర. లోపలికి ఎక్కేచోట పసుపు రంగు లేబుల్ ఒకటి ఉంటుంది. దాన్ని ఓసీసీసీ అంటారు. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని పౌండ్లలో ఉంటుంది. 31, 32 అడుగుల క్లాస్ సి ల్లో, స్లైడ్ అవుట్ లు ఎక్కువ ఉన్నవాటిలో, ఇది ఆశ్చర్యపోయేంత తక్కువ ఉండొచ్చు. ఇల్లంతా ఆ ఛాసిస్ మీదే కట్టేశాడు కదా, మనకి మిగిలేది ఎంత?

అన్న ఫ్యామిలీతోనే లెక్కేద్దాం. లేబుల్ మీద 1,400 ఉందనుకోండి. నలుగురు పెద్దవాళ్ళు, తలా 160 వేసుకుంటే 640. పిల్లలిద్దరూ 120. మొత్తం 760. ఫ్రెష్ వాటర్ ట్యాంక్ 45 గ్యాలన్లు, గ్యాలన్ కి 8.3 పౌండ్లు, అది 374. ఇప్పటికే 1,134. ఇక బట్టలు, టూల్స్, కుర్చీలు, గిన్నెలు, కుక్కర్, బియ్యం బస్తా. అత్తయ్య వస్తున్నారంటే పచ్చడి జాడీలు కూడా లెక్కలోకే వస్తాయి, నవ్వకండి. 400 వేయండి. 1,534. ఇంకా జీప్ తగిలించనే లేదు, 134 పౌండ్లు ఓవర్. ఓవర్ అయితే బండి కదలదా అంటే, కదులుతుంది. అదే సమస్య. వెనక టైర్ల మీద లోడ్ పడుతుంది, బ్రేకులు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది, జూన్ ఎండలో న్యూ మెక్సికో రోడ్డు మీద టైర్ పేలితే వెనక ఆరుగురు ఉంటారు.

ఇంకోటి. "స్లీప్స్ 8" అని రాస్తారు. పడుకోవడానికి ఎనిమిది మంది సరే, సీట్ బెల్ట్ లు ఎన్ని? లెక్కపెట్టండి. పెద్దవాళ్ళని వెనక బెడ్ మీద కూర్చోబెట్టి హైవే ఎక్కడం వద్దు, ప్లీజ్.

లాగే పద్ధతి కూడా దీంట్లో భాగమే. రాంగ్లర్ కి అదృష్టం ఏంటంటే ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్ లో పెట్టి నాలుగు చక్రాల మీద నేరుగా లాగొచ్చు. ఫ్లాట్ టోయింగ్ అంటారు. ఓనర్స్ మాన్యువల్ లో రిక్రియేషనల్ టోయింగ్ అనే చాప్టర్ ఉంటుంది, అందులో చెప్పిన వరసలోనే చేయండి. ఫ్లాట్ టోయింగ్ లో హిచ్ మీద కిందకి పడే బరువు దాదాపు ఉండదు. అదే ఆర్‌జెడ్‌ఆర్, మావెరిక్ లాంటి సైడ్ బై సైడ్ అయితే ట్రైలర్ మీద ఎక్కించాల్సిందే. ట్రైలర్, బండి కలిపి 3,800 పౌండ్లు అనుకుంటే, అందులో 10 నుంచి 15 శాతం, అంటే 380 నుంచి 570 దాకా, హిచ్ మీద కూర్చుంటుంది. అది కూడా ఇందాకటి పసుపు లేబుల్ ఖాతాలోకే వెళ్తుంది. ఆ లేబుల్ మీదే చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది చూడండి.

ఫ్లాట్ టోయింగ్ లో ఒక ఇబ్బంది: రివర్స్ చేయలేరు. గ్యాస్ స్టేషన్ లో ఇరుక్కుంటే జీప్ విప్పాల్సిందే. ఇంకా, జీప్ లో సప్లిమెంటల్ బ్రేక్ సిస్టమ్ పెట్టించండి. రూల్స్ స్టేట్ స్టేట్ కి మారతాయి కానీ, ఐదు వేల పౌండ్లు వెనక నుంచి తోస్తుంటే రూల్ బుక్ అక్కర్లేదు.

మిగతా క్లాసులు త్వరగా. క్లాస్ బి అంటే వ్యాన్, ఆరుగురికి మర్చిపోండి. గ్యాస్ ఇంజన్ క్లాస్ ఎ లో హిచ్ చాలావాటికి 5,000 దగ్గర ఆగిపోతుంది, కానీ పెద్ద ఛాసిస్ తీసుకుంటే లోపల మోసే బరువు బాగా దొరుకుతుంది. డీజిల్ పుషర్ కి సాధారణంగా 10,000 హిచ్, ఎయిర్ బ్రేక్, కొండ దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్. సుఖం దానిదే, రిపేర్ బిల్లు కూడా దానిదే. టెక్సస్ లో 26,000 పౌండ్లు దాటిన మోటార్‌హోమ్ కి మామూలు క్లాస్ సి లైసెన్స్ చాలదు, క్లాస్ బి కావాలి. బండి క్లాస్ సి వేరు, లైసెన్స్ క్లాస్ సి వేరు, కన్ఫ్యూజ్ అవ్వకండి.

ఇప్పుడు డబ్బు. అన్నకి డీలర్ ఇచ్చిన 836 ఎక్కడి నుంచి వచ్చిందో ఎక్సెల్ లో వేసి చూశాను. లక్ష డాలర్ల లోన్, 8 శాతం, 240 నెలలు. సరిగ్గా 836. ఇరవై ఏళ్ళు కడితే మొత్తం రెండు లక్షల డాలర్లు దాటుతుంది. అది అందరికీ తెలిసిందే, దాని గురించి నేను భయపెట్టను. మొదటి నెల చూడండి. 836 లో 667 వడ్డీకి పోతుంది, అసలు తగ్గేది 169. ఐదేళ్ళు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టాక ఇంకా బాకీ ఎంత? 87,526. మీరు కట్టింది యాభై వేల పైన, అసలు తగ్గింది పన్నెండున్నర వేలు. మరి ఐదేళ్ళ పాత క్లాస్ సి ని 87 వేలకి ఎవరు కొంటారు?

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఇది ఖరీదైన సరదా, అంతే. హెచ్1బి వాళ్ళకి అలా కాదు. ఉద్యోగం పోతే మనకుండే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతకాలి, పిల్లల స్కూల్ సంగతి చూడాలి, ఈ బండి అమ్మాలి. టైటిల్ మీద బ్యాంక్ పేరు ఉంటుంది. అమ్మిన రేటుకీ బాకీకీ మధ్య తేడా మనం చెక్ రాస్తేనే టైటిల్ రిలీజ్ అవుతుంది. ఆ తేడా 25 వేలైతే, ఉద్యోగం పోయిన నెలలో ఎక్కడి నుంచి తెస్తాం? బండి కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇదేనండి. నెలకి ఎంత అని కాదు.

అదే పదేళ్ళ లోన్ అయితే? లక్షకి నెలకి 1,213. ఐదేళ్ళకి బాకీ 59,837. 1,213 బరువుగా ఉందా? అప్పుడు లోన్ తగ్గించాలి, ఏళ్ళు పెంచకూడదు. మూడు నాలుగేళ్ళ పాత బండి 80 వేలకి చూసి, 20 వేలు చేతి నుంచి కట్టి, 60 వేలు పదేళ్ళకి తీసుకుంటే నెలకి 728. డీలర్ చెప్పిన 836 కంటే తక్కువే. ఐదేళ్ళకి బాకీ 36 వేల లోపు. అప్పుడు 60 రోజుల్లో అమ్మాల్సి వచ్చినా మనిషి నిద్రపోగలడు. పాత బండికి రేటు కొంచెం ఎక్కువ వేస్తారు, 9 అయినా నెలకి 760, డైరెక్షన్ మారదు.

లోన్ డీలర్ టేబుల్ దగ్గర మొదలుపెట్టకండి. డీలర్ కి బ్యాంక్ ఒక రేటు ఇస్తుంది, దాని మీద అతను కొంచెం వేసుకుంటాడు. ముందే క్రెడిట్ యూనియన్ లో ప్రీ అప్రూవల్ తీసుకుని వెళ్ళండి. వీసా మీద ఉన్నామని మొదటి ఫోన్ లోనే చెప్పండి, కొందరు లెండర్లు లోన్ గడువుని వీసా గడువుతో ముడిపెడతారు. ముందే కట్టేస్తే పెనాల్టీ ఉందా అని కాగితం మీద చూడండి.

డీలర్లు రెండు తీపి మాటలు చెప్తారు. ఒకటి, "ఇది సెకండ్ హోమ్, వడ్డీ ట్యాక్స్ లో తగ్గుతుంది." పడుకునే చోటు, వంట, టాయిలెట్ ఉంటే ఐఆర్‌ఎస్ ఒప్పుకుంటుంది, నిజమే. కానీ ఐటమైజ్ చేసేవాళ్ళకే. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటే పైసా రాదు. రెండు, "వాడనప్పుడు రెంట్ కి ఇవ్వండి, ఈఎంఐ అదే కట్టుకుంటుంది." హెచ్1బి మీద ఉండి బండి కడిగి, తాళాలిచ్చి, బుకింగ్ లు చూసుకుంటే అది పని కిందకి రావచ్చు. ఇమిగ్రేషన్ లాయర్ ని అడక్కుండా అటువైపు వెళ్ళొద్దు. లోన్ అగ్రిమెంట్, ఇన్సూరెన్స్ కూడా చాలాసార్లు ఒప్పుకోవు.

అన్నా, మీకు నా జవాబు: ఆ కొత్త బండి వద్దు. వాడిన గ్యాస్ క్లాస్ ఎ చూడండి, పసుపు లేబుల్ మీద కనీసం 2,000 పౌండ్లు ఉండాలి, ఆరు సీట్ బెల్ట్ లు ఉండాలి, హిచ్ రేటింగ్ మీ జీప్ స్లిప్ కంటే పైన ఉండాలి. ఈ సమ్మర్ కి అలాంటిది దొరక్కపోతే, మోటార్‌హోమ్ అద్దెకి తీసుకుని వెళ్ళి జీప్ మోయాబ్ లోనే రెంట్ కి తీసుకోండి. అద్దె కంపెనీలు చాలావరకు టోయింగ్ ఒప్పుకోవు, అందుకే చెప్తున్నా. వదినకి ఆ వారంలో బండి నచ్చిందో లేదో కూడా తెలిసిపోతుంది. పెట్రోల్ కి ఒక లెక్క: రానూ పోనూ 2,200 మైళ్ళు, గ్యాలన్ కి 8 మైళ్ళు వేసుకుంటే 275 గ్యాలన్లు. మీ ఊరి రేటుతో గుణించుకోండి.

పాత బండి చూసేటప్పుడు టైర్ పక్కన డాట్ కోడ్ లో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019 లో 23వ వారం తయారైంది. ట్రెడ్ కొత్తగా మెరుస్తున్నా సరే, ఏడేళ్ళు దాటితే మార్పించే ఖర్చు బేరంలో తీసేయండి. రూఫ్ ఎక్కి సీలెంట్ చూడండి, గోడల్ని అరచేత్తో నొక్కి చూడండి, మెత్తగా తగిలితే లోపలికి నీళ్ళు వెళ్ళినట్టే. మీకు చూడటం రాకపోతే డీలర్ కి సంబంధం లేని ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ ని డబ్బులిచ్చి పిలిపించండి.

నేను వాడిన ఎక్సెల్ షీట్ డిస్క్రిప్షన్ లో పెడుతున్నా. పసుపు గళ్ళలో మీ నంబర్లు వేసుకోండి. మీ బండి లేబుల్ ఫోటోలు కామెంట్స్ లో పెడితే నెక్స్ట్ ఎపిసోడ్ లో ఒక పది తీసుకుని లెక్క వేద్దాం. ఉంటానండీ, బై.