కువైట్ నుంచి వచ్చినాక

గాండ్లపెంట, కదిరి, రాయచోటి వైపు కువైట్ పేరు తెలియని ఇల్లుండదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం ఆ దేశంలోకి చొరబడింది. బతుకుదెరువుకు వెళ్లినవాళ్లు కట్టుబట్టలతో బయటపడ్డారు. లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులు అప్పట్లో వెనక్కి వచ్చారు. వాళ్లలో చాలామంది జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానమెక్కి బొంబాయిలో దిగారు. విమానాల లెక్క ఇప్పటికీ చెప్పుకుంటాం. దిగినవాళ్లకు రాత్రిళ్లు నిద్ర పట్టిందో లేదో ఎవరడిగారు?

ఉలిక్కిపడి లేవడం, చిన్న చప్పుడుకే గుండెదడ, ఊరికే కోపం. మొదటి వారాల్లో ఇవి మామూలే, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. యుద్ధం సాగిన ప్రాంతాల్లో మాత్రం ఐదుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇప్పుడైనా అలా వచ్చిన మనిషిని చుట్టుముట్టి గుచ్చి గుచ్చి అడగొద్దు. తనంతట చెబితే వినండి. తిండి, నిద్ర, పని, ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు, ముందు ఇవి కుదుటపడాలి. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చుంటే, నన్నడిగితే, ఏ ఓదార్పూ తలకెక్కదు. నెల దాటినా తగ్గకపోతే మానసిక సాయం అందించే టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, అర్ధరాత్రయినా పలుకుతారు. చచ్చిపోవాలనిపిస్తోందని ఆ మనిషి అంటే నెల దాకా ఆగకండి, అప్పటికప్పుడే చేయండి.